విశాఖ తీరం గ్రాఫు కాగితం మీద: ఏటవాలు గీతకు సమీకరణం రాయడం ఎలా

విశాఖపట్నాన్ని తూర్పు తీరపు నగరం అంటాం గాని, పటంలో చూస్తే ఇక్కడి ఒడ్డు దక్షిణం నుంచి ఉత్తరానికి నిలువుగా సాగదు. నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా పోతుంది. ఆర్కే బీచ్ దగ్గర బయలుదేరి భీమిలి చేరేవారు ఉత్తరానికి ఎంత దూరం వెళతారో, అందులో సుమారు మూడింట రెండు వంతుల మేర తూర్పుకు కూడా జరుగుతారు. పదో తరగతి పూర్తిచేసి ఇంటర్మీడియట్‌లో చేరే పిల్లలకు సరళరేఖల పాఠం చెప్పవలసి వచ్చినప్పుడల్లా నేను ఈ ఒడ్డుతోనే మొదలుపెడతాను. వాళ్లు పుట్టినప్పటి నుంచి చూస్తున్న గీత ఇది. సమీకరణం అంటే ఒక గీత గురించి చెప్పే వాక్యమేనని మనసుకు ఎక్కితే, ఆ పాఠంలో బట్టీ పట్టవలసినది చాలా తక్కువ మిగులుతుంది.

చదివేటప్పుడు ఒక గ్రాఫు కాగితం, స్కేలు, బాగా చెక్కిన పెన్సిలు పక్కన పెట్టుకోండి. చూసి వదిలేస్తే ఈ విషయం మర్నాటికి నిలవదు. చేత్తో గీస్తేనే నిలుస్తుంది.

అక్షాలు ఎక్కడ పెట్టాలి

ఒక బిందువు ఎక్కడుందో రెండు సంఖ్యలతో చెప్పవచ్చన్న ఆలోచన మీద ఈ శాస్త్రమంతా నిలబడింది. ఫ్రాన్స్ దేశపు గణితజ్ఞుడు రెనె డెకార్ట్ 1637లో ప్రచురించిన జ్యామితి గ్రంథంతో ఇది స్థిరపడింది. అదే కాలంలో పియెర్ డి ఫెర్మా కూడా విడిగా ఇదే దారిలో నడిచాడు. ఆకారాన్ని లెక్కగా, లెక్కను ఆకారంగా మార్చుకునే వీలు అప్పటి నుంచి మనకు దక్కింది.

మన పటానికి ఆర్కే బీచ్‌లోని కాళీమాత గుడిని మూలబిందువుగా తీసుకుందాం. గుడి గుండా పడమటి నుంచి తూర్పుకు గీసిన అడ్డగీత ఎక్స్ అక్షం, దక్షిణం నుంచి ఉత్తరానికి గీసిన నిలువుగీత వై అక్షం. ఒక సెంటీమీటరుకు 2 కిలోమీటర్లు అనుకుంటే మామూలు గ్రాఫు కాగితంలో అంతా ఇమిడిపోతుంది. అక్షాంశ రేఖాంశాల తేడాలను కిలోమీటర్లలోకి మార్చి, చేతి లెక్కకు అనువుగా దగ్గరి పూర్ణసంఖ్యకు సర్దితే, భీమిలి ఈ గుడికి సుమారు 14 కిలోమీటర్లు తూర్పున, 20 కిలోమీటర్లు ఉత్తరాన ఉంటుంది. కనుక దాని నిరూపకాలు (14, 20). రుషికొండ సుమారుగా (7, 8). సింహాచలం మన కాళీమాత గుడికి పడమటి వైపు ఉంది కాబట్టి దాని మొదటి సంఖ్య రుణాత్మకం అవుతుంది: సుమారుగా (−7, 6). ఎప్పుడూ ముందు అడ్డంగా జరిగిన దూరం, తరువాత నిలువుగా జరిగిన దూరం. ఈ క్రమం తారుమారైతే భీమిలిని తెచ్చి వేరే చోట నిలబెట్టినట్టే.

వాలు అంటే ఏమిటి

పాండురంగాపురం డౌన్ దిగి బీచ్‌కు వెళ్లినవారికి వాలు అంటే ఏమిటో కాళ్లకు తెలుసు. దిగేటప్పుడు అది డౌన్, తిరిగి వచ్చేటప్పుడు అదే అప్. ఈ అనుభవాన్ని సంఖ్యగా మార్చడానికి ఒక్క ప్రశ్న చాలు: అడ్డంగా ఒక అడుగు జరిగితే నిలువులో ఎంత మార్పు వచ్చింది? నిలువు మార్పును అడ్డం మార్పుతో భాగిస్తే వచ్చేదే వాలు. పుస్తకాల్లో దీన్ని ఎమ్ అనే అక్షరంతో సూచిస్తారు.

వాలు = (రెండో బిందువు వై − మొదటి బిందువు వై) ÷ (రెండో బిందువు ఎక్స్ − మొదటి బిందువు ఎక్స్)

గుడి (0, 0), భీమిలి (14, 20). వాలు 20 ÷ 14, అంటే 10/7. ఇప్పుడు కాగితం మీద గుడి నుంచి కుడికి 7 కిలోమీటర్లు, అక్కడి నుంచి పైకి 10 కిలోమీటర్లు గీయండి. ఒక మెట్టు అవుతుంది. ఆ మెట్టు చివర నుంచి మళ్లీ 7 కుడికి, 10 పైకి గీస్తే సరిగ్గా భీమిలి మీద ఆగుతారు. మెట్ల మూలలను కలిపితే వచ్చేదే మన ఏటవాలు గీత. ఒకే గీత మీద చిన్న మెట్టు గీసినా, పెద్ద మెట్టు గీసినా ఏర్పడే లంబకోణ త్రిభుజాలు సరూపాలు కాబట్టి నిలువుకూ అడ్డానికీ ఉన్న నిష్పత్తి మారదు. గీతను సరళరేఖగా నిలబెట్టేది ఈ మారని నిష్పత్తే. వక్రరేఖ మీద ఈ పని చేసి చూడండి, ఒక్కో చోట ఒక్కో వాలు వస్తుంది. సరళరేఖ మీద ఏ రెండు బిందువులు తీసుకున్నా ఒక్కటే వాలు. పాఠంలో తరువాత వచ్చే ప్రతి సూత్రమూ ఈ మాటలో నుంచే పుడుతుంది, కాబట్టి ఇక్కడ తొందరపడకుండా మూడు నాలుగు గీతల మీద మెట్లు గీసి చూసుకోవాలి.

తీసివేతలో క్రమం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పరీక్షలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. ఒకసారి ఒక అమ్మాయి (1, 7), (5, −1) అనే బిందువులకు వాలు కడుతూ, పైన 7 లో నుంచి −1 తీసేసి 8 అని, కింద 5 లో నుంచి 1 తీసేసి 4 అని రాసి, వాలు 2 అని తేల్చింది. నేను తప్పని అనలేదు, గీత గీయమన్నాను. స్కేలు పెట్టి గీసి, కాసేపు దాన్నే చూసి, "గీత దిగిపోతంది మాస్టారూ, నాకు ప్లస్ రెండొచ్చిందేటి?" అంది. ఆ ప్రశ్న తనకు తానే వేసుకున్నాక ఇక నేను చెప్పవలసింది ఏమీ మిగలలేదు. పైన మొదటి బిందువు నుంచి రెండోదాన్ని తీసేసి, కింద రెండోదాని నుంచి మొదటిదాన్ని తీసేసింది. ఏ బిందువుతోనైనా మొదలుపెట్టవచ్చు గాని, పైన ఏ బిందువుతో మొదలుపెడితే కింద కూడా దానితోనే మొదలుపెట్టాలి. (−1 − 7) ÷ (5 − 1), అంటే −8 ÷ 4, అంటే −2.

ఎడమ నుంచి కుడికి నడిచే మనిషిని గీత మీద ఊహించుకుంటే గుర్తు విషయంలో పొరపాటు జరగదు. అతడు అప్ ఎక్కుతుంటే వాలు ధనాత్మకం, డౌన్ దిగుతుంటే రుణాత్మకం. చదును మీద నడిస్తే వాలు సున్న. గీత నిట్టనిలువుగా ఉంటే అడ్డం మార్పు సున్న అవుతుంది, సున్నతో భాగించలేం కాబట్టి ఆ గీతకు వాలు నిర్వచించబడదు. "వాలు లేదు" అనే మాటను కొందరు సున్న అన్న అర్థంలోనూ, నిర్వచించలేం అన్న అర్థంలోనూ వాడి తికమక పడతారు. ఆ మాట వాడకపోవడమే మేలు.

వాలు ఎక్స్ అక్షంతో గీత చేసే కోణానికి టాన్ విలువ కూడా. వాలు 1 అయితే కోణం 45 డిగ్రీలు. మన 10/7 వాలుకు కోణం సుమారు 55 డిగ్రీలు. కోణమానిని పెట్టి సరిచూసుకోవచ్చు, కాని రెండు అక్షాల మీదా ఒకే స్కేలు తీసుకున్నప్పుడే అది సరిపోతుంది. అడ్డంగా ఒక కొలత, నిలువుగా మరో కొలత పెట్టిన గ్రాఫులో వాలు లెక్క మారదు గాని, కంటికి కనిపించే కోణం మాత్రం మారిపోతుంది. పిల్లలు కోణం కొలిచి లెక్క తప్పిందని బెంగపడేది చాలాసార్లు ఇందువల్లనే.

ఇదే నిష్పత్తిని కట్టడం పనిలోనూ, రైల్వేలోనూ వేరే మాటల్లో చెబుతారు. రైలు పట్టాల పక్కన 100కు 1 అని సూచించే పలక ఉంటే, వంద మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు ఎత్తు మారుతుందని అర్థం, వాలు 1/100. చక్రాల కుర్చీ కోసం కట్టే ర్యాంపుకు 12కు 1 మించని వాలు ప్రమాణం. అంటే 45 సెంటీమీటర్ల అరుగు ఎక్కించడానికి అడ్డంగా 540 సెంటీమీటర్ల చోటు కావాలి. స్థలం చాలదని 200 సెంటీమీటర్లలో ముగించేస్తే వాలు రెండు రెట్లకు పైగా పెరిగి, కుర్చీ సొంత చేతులతో నెట్టుకునేవారికి ఆ ర్యాంపు పనికిరాదు. ఈ లెక్క నేర్చిన ప్రతి పిల్లా పిల్లవాడూ తమ వీధిలోని ర్యాంపును ఒకసారి కొలవాలని నా కోరిక.

గీత నుంచి సమీకరణానికి

గుడి నుంచి భీమిలికి గీసిన గీత మీద ఎక్కడైనా ఒక చుక్క పెట్టండి. దాని నిరూపకాలు ఇంకా తెలియవు కాబట్టి (ఎక్స్, వై) అందాం. గుడి నుంచి ఆ చుక్క వరకు వాలు కడితే వై ÷ ఎక్స్ వస్తుంది. ఆ చుక్క ఇదే గీత మీద ఉంది గనుక ఆ వాలు కూడా 10/7 కావాలి. అంటే,

వై = (10/7) × ఎక్స్

సమీకరణం పుట్టింది. ఇందులో కొత్త సూత్రం ఏదీ లేదు. "ఈ గీత మీద ఎక్కడున్నా వాలు ఒక్కటే" అన్న వాక్యాన్ని గుర్తుల్లో రాశాం, అంతే.

ఇక్కడ ఎక్స్, వై అనే అక్షరాలు ఎవరి కోసం నిలబడ్డాయో ఆగి ఆలోచించాలి. (14, 20) అనేది భీమిలికి మాత్రమే చెందిన జంట. (ఎక్స్, వై) మాత్రం గీత మీది అన్ని బిందువులకూ ఉమ్మడి పేరు. సమీకరణం రాయమంటే తెలిసిన బిందువు విలువలనే ఎక్స్, వై రెండింటి స్థానంలోనూ పెట్టేసి, చివరకు 20 = 20 అని తేల్చి బిత్తరపోయే విద్యార్థులను ఎందరినో చూశాను. విలువలు పెట్టడం సరిచూడడానికి పనికొస్తుంది. సమీకరణం కావాలంటే ఆ రెండు అక్షరాలూ అక్షరాలుగానే చివరి వరకు మిగలాలి.

సరిచూడడం ఎలాగో రుషికొండతో చూద్దాం. ఎక్స్ స్థానంలో 7 పెడితే వై 10 రావాలి. రుషికొండకు వై 8 మాత్రమే. కాబట్టి రుషికొండ ఈ గీత మీద లేదు. అదే తూర్పు దూరం దగ్గర గీత కంటే 2 కిలోమీటర్లు దక్షిణంగా, అంటే సముద్రం వైపు ఉంది. మన తీరం గుడికీ భీమిలికీ మధ్య సూటిగా లేదని, రుషికొండ దగ్గర నీటిలోకి కొంచెం ముందుకు వచ్చిందని ఒక చిన్న ప్రతిక్షేపణ చెప్పేసింది.

సమీకరణాన్ని భిన్నం లేకుండా మార్చి, అన్నిటినీ ఒక పక్కకు తెస్తే ఇలా అవుతుంది:

10 × ఎక్స్ − 7 × వై = 0

దీన్ని సాధారణ రూపం అంటారు. ఇందులో రుషికొండ విలువలు పెడితే 70 − 56, అంటే 14 వస్తుంది. సింహాచలం విలువలు పెడితే −70 − 42, అంటే −112. ఒకటి ధనాత్మకం, మరొకటి రుణాత్మకం. సున్న వస్తే బిందువు గీత మీద ఉన్నట్టు. గుర్తులు వేరైతే ఆ రెండు బిందువులూ గీతకు చెరో పక్క ఉన్నట్టు. సింహాచలం కొండల వైపు, రుషికొండ కడలి వైపు. పాఠ్యపుస్తకాల్లో దీనికి రెండు పంక్తులే దక్కుతాయి గాని, బొమ్మ గీయకుండానే ఏ బిందువు ఏ పక్కన ఉందో చెప్పగలగడం నా దృష్టిలో ఈ పాఠంలోకెల్లా అందమైన సంగతి.

గీత మూలబిందువు గుండా పోకపోతే

రుషికొండ నుంచి భీమిలికి గీత గీద్దాం. బిందువులు (7, 8), (14, 20). వాలు 12 ÷ 7. గుడి నుంచి రుషికొండ వరకు వాలు 8/7 మాత్రమే కాబట్టి, రుషికొండ దాటాక ఒడ్డు మరింత ఉత్తరానికి తిరుగుతోందని ముందే తెలిసిపోయింది. ఇప్పుడు ఈ గీత మీద (ఎక్స్, వై) అనే బిందువు తీసుకుని, రుషికొండ నుంచి దానికి వాలు కడదాం:

(వై − 8) ÷ (ఎక్స్ − 7) = 12/7

రెండు పక్కలా ఎక్స్ − 7 తో గుణిస్తే,

వై − 8 = (12/7) × (ఎక్స్ − 7)

వాలు–బిందు రూపం అని పుస్తకం పిలిచేది దీన్నే. కుడి వైపు విప్పితే (12/7) × ఎక్స్ − 12. ఎడమ వైపు ఉన్న −8ని అవతలికి పంపితే,

వై = (12/7) × ఎక్స్ − 4

భీమిలితో సరిచూడండి: ఎక్స్ 14 అయితే 24 − 4, అంటే 20. సరిపోయింది. ఇలా చివర్లో రెండో బిందువుతో సరిచూసే అలవాటు ఉన్నవారికి ఈ అధ్యాయంలో తప్పు జరగడం అరుదు.

చివరి రూపంలో కనిపించే −4కు అర్థం ఉంది. ఎక్స్ సున్న అయినప్పటి వై విలువ అది. గీత వై అక్షాన్ని ఖండించే చోటు. దాన్ని వై అంతరఖండం అంటారు. మన గీతను భీమిలి, రుషికొండల మీదుగా వెనక్కి పొడిగిస్తే గుడికి సరిగ్గా దక్షిణాన 4 కిలోమీటర్ల దూరంలో, సముద్రంలో, వై అక్షాన్ని కలుస్తుంది. వాలును ఎమ్ అని, అంతరఖండాన్ని సి అని రాస్తే వై = ఎమ్ × ఎక్స్ + సి అనే ప్రసిద్ధ రూపం వస్తుంది. అంతరఖండం "మొదలు", వాలు "వేగం" అనుకుంటే నిత్యజీవితంలోని లెక్కలు కూడా ఇందులో కూర్చుంటాయి. మేడ మీద 1000 లీటర్ల ట్యాంకు నిండుగా ఉండి, నిమిషానికి 20 లీటర్ల చొప్పున ఖాళీ అవుతుంటే, ఎక్స్ నిమిషాల తరువాత మిగిలే నీరు వై = 1000 − 20 × ఎక్స్. మొదలు 1000, వాలు −20. వై సున్న ఎప్పుడవుతుందో చూస్తే 50 నిమిషాలు. అది ఎక్స్ అంతరఖండం.

ఏ రూపం ఎప్పుడు వాడాలో తేల్చుకోవడానికి చేతిలో ఏముందో చూస్తే చాలు. వాలు, ఒక బిందువు ఉంటే వాలు–బిందు రూపం. రెండు బిందువులే ఉంటే ముందు వాలు కట్టి మళ్లీ అదే రూపం. రెండు బిందువుల సూత్రమని వేరుగా బట్టీ పట్టడం నేను ప్రోత్సహించను. సాధారణ రూపం ఇచ్చి వాలు అడిగితే వైను ఒంటరిగా ఒక పక్క నిలబెట్టండి, ఎక్స్ ముందున్న సంఖ్యే వాలు. అడ్డగీతకు వై = 5 వంటి సమీకరణం, నిలువుగీతకు ఎక్స్ = 5 వంటి సమీకరణం ఉంటాయి. నిలువుగీతను ఎమ్, సి ఉన్న రూపంలో ఎంత ప్రయత్నించినా రాయలేం, వాలు నిర్వచించలేని చోట ఆ రూపం లేదు కనుక.

సమాంతరం, లంబం

రెండు గీతలకు ఒకే వాలు ఉండి అంతరఖండాలు వేరైతే అవి సమాంతరాలు. ఇందులో వివరించవలసింది పెద్దగా లేదు. లంబరేఖల సంగతి మాత్రం చేత్తో చేసి చూడదగినది.

మందపాటి అట్ట మీద 7 సెంటీమీటర్ల అడ్డం, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న లంబకోణ త్రిభుజం కత్తిరించండి. దాని ఏటవాలు అంచు మన తీరం. గుడి దగ్గరి మూలను వేలితో నొక్కిపట్టి అట్టను సవ్యదిశలో, అంటే గడియారపు ముల్లు తిరిగే వైపు, 90 డిగ్రీలు తిప్పండి. ఉత్తరానికి ఉన్న 10 తూర్పుకు వాలిపోతుంది, తూర్పుకు ఉన్న 7 దక్షిణానికి దిగిపోతుంది. కొత్త వాలు −7/10. మొదటి వాలు తలకిందులై, గుర్తు మారింది. రెండింటినీ గుణిస్తే −1. అడ్డగీతలను, నిలువుగీతలను మినహాయిస్తే, లంబంగా ఉన్న ఏ రెండు గీతల వాలులకైనా లబ్ధం −1 అనే నియమానికి ఇంతకంటే వేరే నిరూపణ ఈ స్థాయిలో అక్కర్లేదు.

ఇప్పుడు గుడి గుండా మన తీరానికి లంబరేఖ రాద్దాం: వై = (−7/10) × ఎక్స్. ఆర్కే బీచ్‌లో ఒడ్డుకు ఎదురుగా, నేరుగా సముద్రాన్ని చూస్తూ నిలబడ్డ మనిషి చూపు ఇదే గీత వెంట పోతుంది. ఆ చూపు 10 కిలోమీటర్లు తూర్పుకు వెళ్లేసరికి 7 కిలోమీటర్లు దక్షిణానికి దిగుతుంది. తూర్పు నుంచి సుమారు 35 డిగ్రీలు ఆగ్నేయానికి ఒరిగి ఉంటుంది. విశాఖలో సూర్యుడు డిసెంబరులో దక్షిణానికి ఎంత జరిగినా తూర్పు నుంచి సుమారు 25 డిగ్రీలకు మించి జరగడు. కనుక ఒడ్డుకు ఎదురుగా నిలబడిన మనకు ఏడాది పొడుగునా సూర్యోదయం ఎడమ చేతి వైపే కనిపిస్తుంది, జూన్‌లో బాగా ఎడమకు, డిసెంబరులో కొంచెం ఎడమకు. రేపు తెల్లవారుజామున బీచ్‌కు వెళితే గ్రాఫు కాగితం వెంట తీసుకెళ్లండి. గుడి దగ్గర నిలబడి, కాగితంలోని తీరపు గీతను ఎదురుగా ఉన్న ఒడ్డుతో కలిపి పట్టుకుని, సూర్యుడు పైకి వచ్చిన చోటికి ఒక గీత గీసి, దాని వాలు ఎంతో కట్టి చూడండి.